ఇంట్లో తుపాకీ: వీసా దగ్గర మొదలుపెట్టి తాళం దాకా

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

అమెరికాలో ఉంటున్న పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి శీర్షిక మొత్తం కేటాయించాం. రాష్ట్రం పేరు విడిగా చెప్పిన చోట తప్ప, కింద ఉన్నదంతా దేశమంతటా వర్తించే ఫెడరల్ చట్టం ప్రకారం రాసిందే.

ప్రశ్న: హెచ్-1బి మీద డాలస్ దగ్గర ఉంటున్నాను. మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. టెక్సాస్‌లో తుపాకీకి లైసెన్సే అక్కర్లేదని ఆఫీసులో అంటున్నారు. ఒక పిస్టల్ కొనుక్కోవచ్చా?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: వద్దండీ. ఆఫీసులో వాళ్లు చెప్పింది అబద్ధం కాదు గానీ అది మీకు వర్తించదు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండా దాన్ని వెంట పెట్టుకుని తిరగొచ్చు. ఆ ‘అర్హత’ అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. సెక్షన్ 922(జి)(5)(బి) చెప్పేది అదే. 2022 నుంచి దీనికి శిక్ష 15 ఏళ్ల దాకా ఉంది. రాష్ట్ర చట్టం ఎంత ఉదారంగా ఉన్నా ఇక్కడ అక్కరకు రాదు.

గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేశాను, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) వచ్చింది అనే ధైర్యం కూడా పనికిరాదు. కార్డు మంజూరయ్యేదాకా మీరు అదే వరసలో ఉంటారు. మంజూరయ్యాక మాత్రం ఈ అడ్డు తొలగిపోతుంది.

మనవాళ్లకు తెలియకుండా కాలు జారేది షూటింగ్ రేంజిలో. ఆఫీసు టీమంతా సరదాగా వెళ్తారు, అద్దె పిస్టల్‌తో పది తూటాలు పేలుస్తారు, ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెడతారు. చట్టం దృష్టిలో ఆ కాసేపు చేతిలో పట్టుకోవడం కూడా ‘దగ్గర ఉంచుకోవడమే’. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు ఇలాగే మొదలైంది. విద్యార్థి వీసా మీద ఫ్లోరిడాకు వచ్చి, చదువు సాగక కాలేజీ తీసేశాక దేశంలోనే ఉండిపోయిన యువకుడికి రేంజిలో కాల్చినందుకు జైలు శిక్ష పడింది. తన ఇమ్మిగ్రేషన్ హోదా ఏమిటో అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు అన్నది నిజమే. మీ పాస్‌పోర్టులో మీ వీసా ఏమిటో మీకు తెలుసు కాబట్టి ఆ తీర్పు మిమ్మల్ని కాపాడదు. పైగా తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి అదే కారణం అవుతుంది. గ్రీన్ కార్డున్నవాళ్లకూ ఆ ముప్పు ఉంది.

మినహాయింపు ఒకటుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు గడువు దాటకుండా చేతిలో ఉంటే ఈ నిషేధం వర్తించదు. చాలామంది దీన్ని దొడ్డిదారిగా చెప్పుకుంటారు. ఆ లైసెన్సు గడువు ముగిసిన మర్నాడే ఇంట్లో ఉన్న పిస్టల్ మిమ్మల్ని నేరస్థుణ్ణి చేస్తుందని మాత్రం చెప్పరు. ఆ దారిలో వెళ్లదలిస్తే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి కూర్చుని మాట్లాడండి. దొంగల భయానికైతే తలుపు గడి పడే చోట 3 అంగుళాల స్క్రూలు బిగించిన స్ట్రైక్ ప్లేటు, వెనక తలుపు దగ్గర కదలికకు వెలిగే లైటు, అలారం ఈ వారంలోనే పెట్టించుకోవచ్చు.

ప్రశ్న: నేను సిటిజన్‌ని, మా వారు హెచ్-1బిలో ఉన్నారు. ఇంటి కోసం నా పేరు మీద కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, నార్త్ కరోలినా

జవాబు: మీ కోసం, మీ డబ్బుతో, మీరే వాడటానికి కొంటే చట్టబద్ధమే. ఆయన కోసం మీ పేరు మీద కొంటే దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అదొక నేరం. ఈ విషయంలో సుప్రీంకోర్టు ఎంత కచ్చితంగా ఉందంటే, 2014లో అబ్రామ్‌స్కీ కేసులో ఒక మాజీ పోలీసు తన బాబాయి కోసం పిస్టల్ కొన్నాడు. బాబాయికీ కొనే అర్హత ఉంది. అయినా శిక్ష నిలబడింది.

ఇక ఇంట్లోకి వచ్చాక సంగతి. సేఫ్ కోడ్ గానీ తాళంచెవి గానీ మీ వారికి అందుబాటులో ఉంటే, ఆయన దాన్ని ఎన్నడూ ముట్టుకోకపోయినా ‘ఆయన అధీనంలో ఉంది’ అని వాదించడానికి వీలుంటుంది. కోడ్ మీ ఒక్కరికే తెలియాలి. శుభ్రం చేయడం, కారులో పెట్టడం, రేంజికి మోయడం అన్నీ మీరే చేయాలి. ఆయన వీసా మారేదాకా ఆగడం ఇంతకంటే మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: ఓపీటీలో (విద్యార్థి వీసా మీదే చేసే పని శిక్షణలో) ఉన్న మా తమ్ముడు పనిచేసే స్టోరులో ఓనరు, ‘కౌంటర్ కింద గన్ ఉంది, అవసరమైతే తీసుకో’ అన్నాడట.

జవాబు: ఆ డ్రాయరు జోలికి వెళ్లనే వద్దని చెప్పండి. తుపాకీ ఓనరుదే అయినా మీ తమ్ముడికి ఎఫ్-1 హోదా కొనసాగుతున్నంత కాలం పై నిషేధమే వర్తిస్తుంది. తన షిఫ్టులో దాన్ని తాళంలో పెట్టి, తాళంచెవి ఓనరు వెంట తీసుకెళ్లాలని ఇప్పుడే అడగాలి. దోపిడీకి వచ్చినవాడితో వాదన వద్దు. చేతులు కనబడేలా ఉంచి, గల్లాపెట్టె తెరిచి, ‘తీస్తున్నాను’ అని ముందే చెప్పి డబ్బు ఇచ్చేయాలి. వెంటపడకూడదు. గల్లాలో తక్కువ నగదు ఉంచి మిగతాది డ్రాప్ సేఫ్‌లో (డబ్బు వేయడమే తప్ప తీయడం కుదరని పెట్టెలో) వేయడం, ఆ సంగతి తలుపు మీద బోర్డు పెట్టి తెలియజేయడం, కిటికీలకు అంటించిన పోస్టర్లు తీసేసి లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడేలా చేయడం… వీటికి ఓనరును ఒప్పించండి.

ప్రశ్న: మా అబ్బాయి హైస్కూల్ డిబేట్‌లో ‘తుపాకీ హక్కు’ అంశం తీసుకున్నాడు. రాజ్యాంగంలోనే హక్కు ఉంటే ఇన్ని ఆంక్షలు ఎలా పెడుతున్నారు? ఇంట్లో తాళం వేయాలన్న చట్టం కూడా హక్కుకు విరుద్ధమే కదా అని వాడి వాదన. నిజమేనా?
– ఒక తండ్రి, న్యూజెర్సీ

జవాబు: మీ అబ్బాయి ముందుగా 2008 నాటి హెల్లర్ తీర్పు తెరవాలి. తుపాకీ హక్కు గురించి చెప్పే రాజ్యాంగ రెండో సవరణ 1791లో వచ్చింది. మొత్తం 27 మాటలు. అది మిలీషియాలకు సంబంధించిన హక్కా, ఒక్కొక్క మనిషిదా అన్న తగాదాను హెల్లర్ కేసు 5-4 తేడాతో తేల్చింది. ఇంట్లో ఆత్మరక్షణకు పిస్టల్ ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని జస్టిస్ స్కాలియా రాశారు. వాషింగ్టన్ డీసీ చట్టం పిస్టళ్లను నిషేధించడమే కాక, ఇంట్లో ఉన్న తుపాకీ ఏదైనా విప్పదీసి గానీ ట్రిగ్గర్ లాక్ వేసి గానీ ఉంచాలంది. ఆత్మరక్షణకు కూడా దాన్ని వాడే వీలు లేకుండా చేశారని కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. మీ అబ్బాయి వాదనకు మూలం ఇదే. కానీ అదే తీర్పులో ఇంకొక వాక్యం ఉంది: ప్రమాదాలు జరగకుండా తుపాకుల నిల్వను నియంత్రించే చట్టాలు చెల్లవని తమ విశ్లేషణ సూచించదని స్కాలియానే రాశారు. తాళం చట్టాలను సమర్థించేవాళ్లూ వ్యతిరేకించేవాళ్లూ ఒకే తీర్పులోంచి చెరో పేజీ చదువుతుంటారు. డిబేట్‌లో రెండు పేజీలూ చదివినవాడిదే పైచేయి.

తర్వాతి మెట్లు ఇవి. 2010లో మెక్‌డొనాల్డ్ కేసు ఆ హక్కును రాష్ట్రాలకూ వర్తింపజేసింది. ఆ కేసు వేసిన ఓటిస్ మెక్‌డొనాల్డ్ షికాగోలో ఇంట్లో పదేపదే దొంగలు పడిన ఒక నల్లజాతి వృద్ధుడు. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాలు విముక్తులైన నల్లజాతివారి చేతుల్లోంచి ఆయుధాలు లాక్కున్న చరిత్ర ఆ తీర్పు నిండా ఉంది. హక్కు వైపు మాట్లాడేవారు ఇది తప్పక చెప్పాలి. 2022లో బ్రూయెన్ కేసు ఇంటి బయట వెంట పెట్టుకునే హక్కును గుర్తించి, ఆంక్ష ఏదైనా దేశ చరిత్రలో దానికి పోలిక ఉండాలని గీత గీసింది. ఆ గీత మరీ బిగిసిపోకుండా 2024లో రహీమీ కేసు 8-1తో సడలించింది. గృహహింస కారణంగా కోర్టు నిషేధ ఉత్తర్వు ఇచ్చినవాడి దగ్గర తుపాకీ తీసుకోవచ్చంది. అదే ఏడాది కార్గిల్ కేసులో బంప్ స్టాక్‌ల (రైఫిల్ వేగంగా వరసపెట్టి పేలేలా చేసే పరికరాల) మీద ప్రభుత్వం పెట్టిన నిషేధం చెల్లదంది. కోర్టు ఒకే దిక్కుకు నడుస్తోందని ఎవరన్నా అంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.

హక్కు వైపు ఉన్న బలమైన వాదన: పోలీసులు వచ్చేసరికి అంతా అయిపోతుంది, పల్లెల్లో అయితే మరీను. 2005 క్యాజిల్ రాక్ కేసులో, నిషేధ ఉత్తర్వు ఉన్నా దాన్ని పోలీసులు అమలు చేసి తీరాలని పట్టుబట్టే రాజ్యాంగ హక్కు పౌరురాలికి లేదని సుప్రీంకోర్టే చెప్పింది. మరి ఆమె ఎవరిని నమ్ముకోవాలి? ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు.

నియంత్రణ వైపు బలమైన వాదన: ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల్లో 2023లో తుపాకులకు 46,728 మంది బలయ్యారు. అందులో సుమారు 27,300 ఆత్మహత్యలే. 2020 నుంచి 1–19 ఏళ్ల వయసువారి మరణాలకు మొదటి కారణం తుపాకీ. కాలిఫోర్నియాలో లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి 2022లో వెలువరించిన అధ్యయనంలో, పిస్టల్ ఉన్నవారితో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు హత్యకు గురయ్యే అవకాశం పిస్టల్ లేని ఇళ్లవారికంటే రెట్టింపుకు మించి కనబడింది.

ఈ చర్చలో ఆవేశమంతా ఏఆర్-15 రైఫిల్ చుట్టూ తిరుగుతుంది. ప్రాణాలు ఎక్కువగా పోతున్నది మాత్రం మంచం పక్క సొరుగులో ఉన్న పిస్టల్ వల్ల. మీ అబ్బాయి ఏ పక్షం తీసుకున్నా ఈ ఒక్క సంగతి మర్చిపోకుండా మాట్లాడితే వాడి వాదనకు బరువొస్తుంది.

ప్రశ్న: మా పాపను క్లాస్‌మేట్ వాళ్లింట్లో స్లీప్ ఓవర్‌కు పిలిచారు. వాళ్లింట్లో తుపాకులున్నాయో లేదో అడగాలని ఉంది, ఏమనుకుంటారోనని మొహమాటం.
– ఒక తల్లి, జార్జియా

జవాబు: అడగండి. ప్యూ పరిశోధన సంస్థ సర్వేల ప్రకారం అమెరికాలో పదింట నాలుగు వంతుల మంది పెద్దవాళ్లు తుపాకీ ఉన్న ఇంట్లోనే ఉంటున్నారు. అందుకే ఇది అనుమానం కిందికి రాదు, అలర్జీ గురించి అడిగినట్టే. ఆ వరసలోనే కలిపి అడిగితే తేలిగ్గా ఉంటుంది: ‘పాపకు వేరుశనగ పడదు, మీ కుక్క పిల్లలతో ఎలా ఉంటుంది, ఇంట్లో గన్స్ ఉన్నాయా, ఉంటే లాక్ చేసి ఉంటాయా?’ ఇంగ్లీషులో ‘డు యు హావ్ ఎనీ గన్స్ ఇన్ ద హౌస్? ఆర్ దే లాక్డ్ అప్?’ అంటే చాలు. ఎదురుగా కష్టమైతే మెసేజ్ పెట్టండి. మనవాళ్ల ఇళ్లలోనూ అడగండి. అన్నయ్య ఇల్లని, బావగారి ఇల్లని మినహాయించకండి.

జవాబు ఏం వస్తుందో దాన్ని బట్టి మీరు తేల్చుకోవాలి. ‘అన్నీ సేఫ్‌లో ఉన్నాయి, కోడ్ మా ఇద్దరికే తెలుసు’ అంటే పంపొచ్చు. ‘ఉన్నాయి గానీ ఎక్కడున్నాయో పిల్లలకు తెలియదు’ అంటే పంపొద్దు. ‘మా పిల్లలకు ముట్టుకోవద్దని నేర్పాం’ అన్నా పంపొద్దు. ఎందుకో 2001లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం చూస్తే తెలుస్తుంది. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లలను ఇద్దరు ముగ్గురేసి 29 జట్లుగా ఒక గదిలో పావుగంట వదిలారు. సొరుగులో పేలకుండా చేసిన అసలు పిస్టల్ ఉంచి, అద్దం వెనక నుంచి గమనించారు. 21 జట్లకు అది దొరికింది. 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. ముట్టుకున్నవాళ్లలో దాదాపు అందరికీ తుపాకుల గురించి ఏదో ఒక జాగ్రత్త అంతకుముందు నేర్పే ఉన్నారు. సగం మందికి అది బొమ్మో అసలుదో కూడా తేల్చుకోవడం రాలేదు.

అలాగని నేర్పడం మానకండి. కనబడితే ఆగు, ముట్టుకోకు, అక్కణ్ణుంచి వెళ్లిపో, పెద్దవాళ్లకు చెప్పు. ఈ నాలుగూ నాలుగేళ్ల పిల్లకు కూడా వస్తాయి. పిల్ల బుద్ధి మీద భారం వేసి పెద్దవాళ్లు తాళం వేయడం మానేస్తే మాత్రం ఆ పాఠం నిలవదు. సరైన జవాబు రాకపోతే గొడవేమీ అక్కర్లేదు, ‘ఈసారి మీ పాపనే మా ఇంటికి పంపండి’ అనండి.

ప్రశ్న: గ్రీన్ కార్డు వచ్చాక 9 ఎం.ఎం. పిస్టల్ కొన్నాను. షాపులో ఒక కేబుల్ తాళం ఇచ్చారు. ఇంట్లో ఐదేళ్ల పాప, పదిహేనేళ్ల బాబు. ఎలా దాచాలి? తాళంలో ఉంటే దొంగ వచ్చినప్పుడు ఏం లాభం?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: 2005 చట్టం ప్రకారం లైసెన్సున్న డీలరు పిస్టల్ అమ్మితే తాళమో, పెట్టెనో తప్పనిసరిగా ఇవ్వాలి. అలా వచ్చిన తాళాలు ఎన్నో ఇళ్లలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటాయి. 2021 నవంబరు 30న మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 15 ఏళ్ల కుర్రాడు నలుగురు విద్యార్థులను చంపిన పిస్టల్, తండ్రి నాలుగు రోజుల ముందు కొన్నది. దాని కేబుల్ తాళం విప్పని ప్యాకెట్లోనే దొరికిందని కోర్టులో చూపించారు. ఇంట్లో మరో పెట్టె కోడ్ 0-0-0. 2024లో తల్లికీ తండ్రికీ విడివిడిగా 10 నుంచి 15 ఏళ్ల జైలు శిక్ష పడింది. మీ టెక్సాస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకు తూటాలున్న తుపాకీ అందేలా వదిలేయడమే నేరం. ఛాంబర్లో (పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే గదిలో) తూటా లేకపోయినా సరే, మ్యాగజైన్లో (పిస్టల్‌లో దూర్చే తూటాల డబ్బాలో) ఉంటే చాలు. పిల్లలు పేల్చి ఎవరికైనా చావు గానీ తీవ్ర గాయం గానీ అయితే ఏడాది దాకా జైలు.

ఇప్పుడు పని. పిల్లలు గదిలో లేనప్పుడు, టీవీ కట్టేసి చేయండి. అమెరికా ఇళ్లలో లోపలి గోడ అంటే అర అంగుళం జిప్సం పలకలు రెండు, మధ్యన ఖాళీ. 9 ఎం.ఎం. తూటా అలాంటి గోడల్ని వరసగా దాటుకుపోతుంది. కాబట్టి ‘గోడవైపు పెట్టాను’ అంటే కుదరదు. నిండా ఇసుక పోసిన 5 గ్యాలన్ల బకెట్ వైపు గొట్టం వంచండి. వేలు ట్రిగ్గర్ మీద కాదు, పక్కన ఫ్రేము వెంబడి చాచి ఉంచాలి.

మొదట మ్యాగజైన్ తీసి దూరంగా పెట్టండి. ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగాలి. ఈ వరస తారుమారు చేయడం ప్రమాదం. స్లైడ్ ముందు లాగితే ఛాంబర్లో ఉన్న తూటా బయటపడుతుంది. కానీ మ్యాగజైన్ ఇంకా లోపలే ఉంది కాబట్టి మరొకటి దాని స్థానంలోకి ఎక్కుతుంది. అప్పుడు మ్యాగజైన్ తీసి, ‘ఖాళీ అయింది’ అనుకుని ట్రిగ్గర్ నొక్కేవాళ్లున్నారు. రెండో పొరపాటు దీనికి కవల లాంటిది: మ్యాగజైన్ తీస్తే చాలనుకోవడం. ఛాంబర్లో ఉన్న ఒక్క తూటా మ్యాగజైన్‌తో పాటు రాదు. చాలా పిస్టళ్లు మ్యాగజైన్ లేకపోయినా పేలతాయి.

స్లైడ్ రెండు మూడుసార్లు లాగండి. ఎగిరిపడే తూటాను అరచేయి అడ్డంపెట్టి పట్టుకోబోవద్దు. అది లోపలే దెబ్బతిని పేలితే వేళ్లు పోతాయి. కింద పడనివ్వండి. ఇప్పుడు స్లైడ్‌ను వెనక్కి నిలిపేసి, ఛాంబర్లోకి టార్చి వేసి చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. కళ్లు అలవాటు కొద్దీ ఖాళీగా ఉందనుకుంటాయి. వేలు అలా మోసపోదు.

కేబుల్‌ను పైన తూటా ఎగిరిపడే కిటికీలోంచి దూర్చి, కింద మ్యాగజైన్ పెట్టే గొందిలోంచి బయటికి తీసి తాళం వేయండి. సరిగ్గా పడితే స్లైడ్ మూసుకోదు, మ్యాగజైన్ ఎక్కదు. ఆ రెండూ ప్రయత్నించి చూడండి. కేబుల్‌ను ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడియంలోంచి మాత్రమే దూర్చి వదిలేస్తే తాళం వేసినట్టు కాదు. రివాల్వర్ అయితే చక్రం పక్కకు తీసి, గదులన్నీ ఖాళీ చేసి లెక్కపెట్టి, చక్రం కూర్చునే ఖాళీలోంచి కేబుల్ దూర్చాలి. ఇలాంటి తాళాలు చాలా పోలీసు స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు.

కేబుల్ పాపను ఆపుతుంది. కటింగ్ ప్లేయరు పట్టిన దొంగను ఆపదు. కాబట్టి తాళం వేసిన పిస్టల్ స్టీలు పెట్టెలో ఉండాలి. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో. పెట్టె చిన్నదైతే దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. గోడలో 16 అంగుళాలకొకటి చొప్పున ఉండే నిలువు చెక్క స్టడ్‌ను వెతికి, పెట్టె లోపలి నుంచి లావు లాగ్ స్క్రూలు బిగించండి. జిప్సం పలకలోకి కొట్టిన స్క్రూ ఒక్క గుంజుకి ఊడొస్తుంది.

కోడ్ పుట్టినరోజు కాకూడదు, మీ ఫోను కోడ్ కాకూడదు. మీ బాబుకు ఆ రెండూ తెలుసు. బటన్ల మీద నాలుగు మాత్రమే జిడ్డుగా మెరుస్తుంటే కోడ్ సగం చెప్పేసినట్టే, తుడుస్తూ ఉండండి. అదనపు తాళంచెవి బియ్యం డబ్బాలోనో, బీరువాలో పట్టుచీరల మడతల్లోనో వద్దు. ఇంట్లో పిల్లలకు తెలియని చోటు లేదు. మీ కీ-చెయిన్‌కు ఉంచండి, లేదా బ్యాంకు లాకర్లో పెట్టండి.

వేలిముద్ర పెట్టె కొంటే ఒక పరీక్ష చేయండి. 2023 అక్టోబరులో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ ఒక కంపెనీ సేఫులు దాదాపు 61 వేలు వెనక్కి రప్పించింది. వేలిముద్ర నమోదు చేయకముందు అవి ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటున్నాయి. యజమాని తన వేలు పెడితే తెరుచుకుంది కాబట్టి పనిచేస్తోందనుకున్నాడు. కాబట్టి నమోదు చేశాక, ఖాళీ పెట్టెకు ఇంట్లో ప్రతి ఒక్కరి వేలూ పెట్టించి, తెరుచుకోవడం లేదని చూసుకోండి. బ్యాటరీలు ఏడాదికి రెండుసార్లు, గడియారం ముందుకీ వెనక్కీ జరిపే రోజుల్లో మార్చండి.

దొంగ సంగతి. మంచం పక్కన స్టడ్‌కు బిగించిన, నాలుగు బటన్లతో తెరుచుకునే చిన్న పెట్టెను కాస్త సాధన చేస్తే కొన్ని క్షణాల్లో తెరవొచ్చు. ఖాళీ పిస్టల్‌తో, చీకట్లో ఇరవైసార్లు సాధన చేయండి. ఆత్మరక్షణకే ఉంచుకోవాలనుకునేవాళ్లు మ్యాగజైన్ నింపి, ఛాంబర్ ఖాళీగా ఆ పెట్టెలో పెడతారు. పిల్లలున్న ఇంట్లో తూటాలు విడిగా ఉంచడమే మా సిఫారసు. మీరు ఏది ఎంచుకున్నా పెట్టె ఒక్క పూట కూడా తెరిచి ఉండకూడదు. తలగడ కింద, కారు సీటు కింద అసలొద్దు. తుపాకుల దొంగతనాలు ఎక్కువగా జరిగేది కార్లలోంచే.

అర్ధరాత్రి చప్పుడైతే మొదట పిల్లలందరినీ ఒక గదిలోకి చేర్చి, తలుపు గడియ పెట్టి 911కు ఫోన్ చేయండి. మెట్ల మీద అలికిడి మీ పదిహేనేళ్ల బాబుదే కావచ్చు, నీళ్లకోసం లేచి ఉంటాడు. టార్చి వేసి మొహం చూడకుండా గొట్టం ఎత్తకూడదు.

ప్రశ్న: గన్ షోలో చెకింగ్ ఉండదంటారు, నిజమా?

జవాబు: సగం నిజం. లైసెన్సున్న డీలరు గన్ షోలో అమ్మినా నిక్స్ (ఎఫ్‌బీఐ నడిపే నేపథ్య తనిఖీ వ్యవస్థ) ద్వారా చెక్ చేయాల్సిందే. లైసెన్సు అక్కర్లేని మామూలు మనిషి తన సొంత తుపాకీ అదే రాష్ట్రంలో మరొకరికి అమ్మితే ఫెడరల్ చట్టం చెక్ అడగదు. చాలా రాష్ట్రాలు అడుగుతాయి. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే డీలరు అమ్మేయవచ్చన్న వెసులుబాటు కూడా ఉంది. కొనేవారికి 21 ఏళ్లు నిండకపోతే 2022 చట్టం ఆ గడువును పది పనిదినాల దాకా పొడిగించింది.

ప్రశ్న: మా వారి ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడరు. మొన్న ‘నేను లేకపోతే మీరే బాగుంటారు’ అన్నారు. ఆయన దగ్గర పిస్టల్ ఉంది. నాకు భయంగా ఉంది.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే. ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆత్మహత్యల నివారణ సహాయవాణి 988కు ఫోన్ చేయండి. 24 గంటలూ పలుకుతారు, మీ కోసం కాకుండా ఆయన కోసం చేస్తున్నానని చెప్పొచ్చు. ఇంగ్లీషులో చెప్పుకోలేకపోతే దుబాసీ కావాలని అడగండి. ఈ క్షణమే ప్రమాదం అనిపిస్తే 911. ఇంట్లో తుపాకీ ఉందనీ, అది ఎక్కడుందనీ ఫోనులోనే చెప్పండి.

ఆయనను సూటిగా అడగండి: ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. మందులు, కౌన్సెలింగ్ పనిచేయడానికి వారాలు పడుతుంది. తుపాకీ దూరం చేయడం ఈ రోజే చేయగలిగిన పని. ఆ ఆలోచన ఉధృతంగా ఉండేది చాలామందిలో కొద్ది నిమిషాలే. తుపాకీతో చేసిన ప్రయత్నాల్లో పదింట దాదాపు తొమ్మిది ప్రాణాంతకం. ఆత్మహత్యా ప్రయత్నం నుంచి బతికి బయటపడినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది ఆ తర్వాత ఆత్మహత్యతో పోవడం లేదు. కాబట్టి ఆ గడ్డు ఘడియ దాటించడమే అసలు పని.

ఆయనతో ఇలా అనొచ్చు: ‘ఇది మీదే, ఎవరూ లాక్కోవడం లేదు. మీరు తేరుకునేదాకా బయట ఉంచుదాం. తాగినవాడి దగ్గర కారు తాళం తీసుకున్నట్టే.’ ఒప్పుకుంటే కొన్ని గన్ షాపులు, రేంజిలు, పోలీసు స్టేషన్లు తాత్కాలికంగా దాచిపెడతాయి. స్టేషన్‌కు తుపాకీ చేతపట్టుకుని వెళ్లొద్దు. ముందు ఫోన్ చేస్తే ఎలా తేవాలో చెబుతారు, లేదా వాళ్లే వస్తారు. స్నేహితుడికి ఇద్దామంటే కొన్ని రాష్ట్రాల్లో అందుకూ చెక్ కావాలి, ఆ స్నేహితుడు హెచ్-1బి అయితే అసలు కుదరదు. బయటికి పంపడం వీలుకాకపోతే సేఫ్ కోడ్ మార్చేసి ఆయనకు చెప్పకండి, తూటాలు ఇల్లు దాటించండి.

ఒప్పుకోకపోతే, రెడ్ ఫ్లాగ్ చట్టం ఉన్న రాష్ట్రమైతే తుపాకీని కొంతకాలం తీసి ఉంచమని కోర్టును కోరవచ్చు. 1999లో కనెటికట్ దీనికి నాంది పలికింది. పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోయాక 2018లో ఫ్లోరిడా చేసింది. ఇప్పుడు 20కి పైగా రాష్ట్రాల్లో ఉంది. చాలాచోట్ల కుటుంబ సభ్యులే అడగొచ్చు, కొన్నిచోట్ల పోలీసుల ద్వారా వెళ్లాలి. వినకుండానే ఆస్తి తీసుకుంటున్నారన్న అభ్యంతరం ఈ చట్టాల మీద ఉంది, అది తీసిపారేయదగింది కాదు. అందుకే తొలి ఉత్తర్వు కొద్ది రోజులకే ఇచ్చి, తర్వాత ఆయన మాట కూడా విని కోర్టు తేలుస్తుంది. ఆయన మీ మీద కోపగించుకోవచ్చు. కోపం తగ్గేదాకా ఆయన ఉండాలి కదమ్మా.

ప్రశ్న: సిటిజన్‌ని. రేంజికి తీసుకెళ్లే బ్యాక్‌ప్యాక్‌తోనే వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాను. అందులో తుపాకీ ఏమీ ఉండదు. ఇబ్బందేమైనా ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఇలినాయ్

జవాబు: ఆ బ్యాగు ఇంట్లో పెట్టి వేరేది తీసుకెళ్లండి. దేశంలోపల విమానాల్లో తుపాకీని ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, కౌంటర్‌లో చెప్పి చెకిన్ సామానులో వేయొచ్చు. చేతి సంచీలో మాత్రం కుదరదు. 2023లో విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్‌ఏ 6,737 తుపాకులు అలా పట్టుకుంది, పదింట తొమ్మిదికి పైగా తూటాలతో ఉన్నవే. ‘మర్చిపోయాను’ అన్నా జరిమానా వేల డాలర్ల దాకా పోతుంది.

ఇండియాలో అయితే తుపాకీ అక్కర్లేదు, ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే. బ్యాగు మార్చడం కుదరదంటే, జిప్పులన్నీ తెరిచి, పక్క జేబులు బయటికి తిప్పి, అడుగున ఉండే అట్ట పైకెత్తి, నేల మీద తెల్ల దుప్పటి పరిచి తలకిందులుగా దులపండి. తూటాలు ఇరుక్కునేది ఆ అట్ట కిందా, నీళ్ల సీసా పెట్టే వల జేబు కుట్టులోనూ.